కిష్తీ కూడా ఒక అమానతే

"ఇత్తా బడా జహాజ్ కైసా డూబ్యా భాయ్?" అని మా ఆపా అడిగింది. అంత పెద్ద ఓడ ఎలా మునిగిందిరా అని. ఆమె అడిగింది బేసియన్ అనే యాట్ గురించి. 2024 ఆగస్టు 19 తెల్లవారుజామున, ఇటలీలో సిసిలీ దీవి ఒడ్డున, లంగరు వేసుకుని నిలబడి ఉన్న నౌక అది. 56 మీటర్ల పొడవు, 72 మీటర్ల తెరచాప స్తంభం. అందులో 22 మంది ఉన్నారు. తుఫాను గాలి వచ్చింది, ఓడ పక్కకి పడిపోయింది, ఏడుగురు చనిపోయారు.

ఆపాకు ఇటలీతో పనేమీ లేదు. ఆమె కొడుకు, అంటే నా భాన్జా మున్నా, దుబాయ్‌లో అలాంటి యాట్ మీదే డెక్ పని చేస్తాడు. తాళ్ళు కట్టడం, డెక్ కడగడం, మెహమాన్లను చిన్న బోటులో ఒడ్డుకి చేర్చడం వాడి నౌకరీ. ఇప్పుడు ఆఫీసర్ ఇమ్తెహాన్‌కి చదువుతున్నాడు. ఛుట్టీ మీద తిరుపతి వచ్చినప్పుడు ఇంట్లో రోజూ ఇదే బహస్. ఆపా "అబ్ నక్కో జా బేటా" అంటుంది. వాడు "మౌత్ రాసి ఉంటే ఇంట్లో పడుకున్నా వస్తుంది అమ్మీ" అంటాడు. ఒకరిది ఖౌఫ్, ఒకరిది తఖ్‌దీర్. చివరికి ఇద్దరూ నా మీద పడ్డారు. "మామూ, మీరు ఫిజిక్స్ చెప్పినోళ్ళు కదా, మీరే చెప్పండి" అని వాడు పుస్తకాలు మోసుకుని చిత్తూరు వచ్చేశాడు. పది రోజులు ఇద్దరం కూర్చుని చదివాం. ఆ పుస్తకాల్లో ఉన్నది రెండే రెండు విషయాలు. ఒకటి, ఓడ ఒరిగితే తిరిగి ఎలా లేస్తుంది. రెండు, నీళ్ళు లోపలికి రాకుండా ఎలా మూసి ఉంచాలి. మొదటిదాన్ని స్టెబిలిటీ అంటారు, రెండోదాన్ని వాటర్‌టైట్ ఇంటెగ్రిటీ అంటారు.

బోర్లు ఎండి, ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టే సీమవాళ్ళం, మనకెందుకు ఈ ఓడల గోల అని మీకు అనిపించొచ్చు. కానీ మన ఇళ్ళల్లోంచి ఎందరు పిల్లలు గల్ఫ్‌లో లేరు? 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, తడ, పులికాట్ సరస్సు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. వేనాడు దర్గా గంధానికి వెళ్తాం, ఫ్లెమింగో పక్షుల్ని చూడ్డానికి వెళ్తాం, పిల్లలు "కిష్తీ ఎక్కుదాం" అంటారు, ఎక్కిస్తాం. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగిన రోజు అందులో మన తిరుపతి నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. కాబట్టి ఈ ఇల్మ్ మనకూ కావాలి.

వంటింటి నుంచే మొదలుపెడతాను. నీళ్ళ తొట్టిలో ఖాళీ డేగ్చా పెట్టండి, తేలుతుంది. అది పక్కకు తోసిన నీళ్ళ బరువు, దాని సొంత బరువు సమానం అయ్యేదాకా దిగి ఆగుతుంది. ఇనుప ఓడ తేలేది కూడా ఈ లెక్కతోనే. ఇప్పుడు డేగ్చా అడుగున రెండు రాళ్ళు పెట్టి అంచును వేలితో నొక్కి వదలండి. ఊగి మళ్ళీ నిలబడుతుంది. అవే రాళ్ళను డేగ్చా మీద పలక వేసి పలక మీద పెట్టండి. బరువు మారలేదు, ఒక్క గ్రాము పెరగలేదు. కానీ ఈసారి నొక్కితే మొత్తం బోల్తా పడుతుంది. ఓడ ఎంత బరువు మోస్తోందో ఒక సవాల్, ఆ బరువు ఎంత ఎత్తులో ఉందో ఇంకో సవాల్. జనం మొదటిదే అడుగుతారు, జాన్ తీసేది రెండోది.

పుస్తకంలో దీన్ని ఇలా చెబుతారు. ఓడ బరువంతా ఒక్క బిందువు దగ్గర కిందికి లాగుతున్నట్టు లెక్క. అది గురుత్వ కేంద్రం. నీళ్ళు పైకి తోసే బలమంతా ఇంకో బిందువు దగ్గర ఉన్నట్టు లెక్క. అది మునిగి ఉన్న భాగానికి మధ్యలో ఉంటుంది. ఓడ కుడివైపు ఒరిగితే కుడివైపు ఎక్కువ మునుగుతుంది, కాబట్టి నీళ్ళ తోపుడు కూడా కుడివైపుకి జరుగుతుంది. ఒరిగిన వైపు నుంచి నీళ్ళు పైకి తోస్తున్నాయి, మధ్య నుంచి బరువు కిందికి లాగుతోంది. ఈ రెండూ కలిసి ఓడను మళ్ళీ నిలబెడతాయి. ఒరిగిన చోటు నుంచి నీళ్ళ తోపుడు గీత నిటారుగా పైకి వెళ్ళి ఓడ నడిమి గీతను కలిసే చోటును మెటాసెంటర్ అంటారు. బరువు కేంద్రం దానికి కింద ఉన్నంతసేపు ఓడ లేస్తుంది. పైకి పోయిందా, లేవదు. ఆ రెండింటి మధ్య ఎడం పేరు జీఎం. యాట్ ఆఫీసర్ అయ్యేవాడు రాత్రి నిద్రలో లేపి అడిగినా చెప్పాల్సిన అంకె అది.

మున్నా ఆశ్చర్యపోయిన సంగతి ఒకటుంది. ఓడ ఒక పక్క నుంచి ఇంకో పక్కకి ఊగి మళ్ళీ మొదటికి రావడానికి పట్టే సమయాన్ని బట్టి జీఎంని అంచనా వేయొచ్చు. ఓడ వెడల్పును సుమారు 0.8తో గుణించి, జీఎం వర్గమూలంతో భాగిస్తే ఆ సమయం సెకన్లలో వస్తుంది. పది మీటర్ల వెడల్పు, ఒక మీటరు జీఎం ఉంటే ఎనిమిది సెకన్లు. జీఎం పావు మీటరుకి పడిపోతే పదహారు సెకన్లు. అంటే జీఎం తగ్గేకొద్దీ ఓడ నెమ్మదిగా, హాయిగా, ఝూలాలాగా ఊగుతుంది. "మామూ, మెహమాన్లు అదే ఇష్టపడతారు. కుదుపు లేదు, కాఫీ ఒలకలేదు, మాషా అల్లాహ్ ఎంత సుకూన్ అంటారు" అన్నాడు. ఆఫీసర్ మాత్రం నిన్నటికంటే ఇవాళ ఊగు నెమ్మదించిందంటే గడియారం తీసి లెక్కపెట్టాలి. ఏదో బరువు పైకి చేరింది, లేదా ఎక్కడో నీళ్ళు చేరాయి. అందరూ ఆరామ్‌గా ఉన్నప్పుడు బేచైన్ అవ్వడమే వాడి నౌకరీ.

నీళ్ళు చేరడం అన్నాను. ఇందులో ఇంకో ఖతరా ఉంది. వలీమాలో వెడల్పాటి పరాత్ నిండా షర్బత్ పోసి ఎత్తుకుని నడవండి. కొంచెం వంగితే చాలు, షర్బతంతా వంగిన వైపుకే పరుగెడుతుంది, మీ చేతుల్ని ఇంకా వంచుతుంది. అదే షర్బత్ మూతపెట్టిన నిండు సీసాలో ఉంటే ఏమీ కాదు. ఓడలో సగం నిండిన ట్యాంకు, డెక్ మీద నిలిచిన నీళ్ళు ఈ పరాత్ లాంటివి. దీన్ని ఫ్రీ సర్ఫేస్ అంటారు. దీని జులుం వెడల్పు ఘనంతో పెరుగుతుంది. ఒక వెడల్పాటి ట్యాంకుకి పొడుగునా నడిమిన గోడ కట్టి రెండుగా చేస్తే ఆ ప్రభావం నాలుగో వంతుకి పడిపోతుంది. ఎండాకాలంలో మన ఊళ్ళకు వచ్చే వాటర్ ట్యాంకర్ డ్రైవర్‌ని అడగండి, సగం ట్యాంకర్‌తో మొగిలి ఘాట్ మలుపు తిరగడం ఎలా ఉంటుందో. నిండు బండి కంటే సగం బండే స్టీరింగ్‌తో కుస్తీ పడుతుంది.

2006 ఫిబ్రవరిలో ఎర్ర సముద్రంలో అల్ సలామ్ బొకాచియో 98 అనే ఓడ మునిగింది. సౌదీలోని దుబా రేవు నుంచి ఈజిప్టులోని సఫాగాకి వెళ్తోంది. అందులో ఉన్నది మన పిల్లల్లాంటి మజ్దూర్లు, ఇంటికి తిరిగొస్తున్న హాజీలు. వాహనాల డెక్‌లో మంట లేచింది. ఆర్పడానికి నీళ్ళు కొట్టారు. బయటికి పోవాల్సిన తూములు చెత్తతో మూసుకుపోయాయి. నీళ్ళు డెక్ మీదే నిలిచిపోయాయి, ఒక పక్కకి చేరాయి, ఓడ ఒరిగి బోల్తా పడింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. మంటను ఆర్పడానికి కొట్టిన నీళ్ళే ముంచాయి. ఇది విన్నాక ఆపా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మోరీ సాఫ్ నై కరే సో" అంది. మోరీ శుభ్రం చేయనందుకు అని. అంతే. వెయ్యి జనాజాల వెనక అంత చిన్న పని ఉంది.

ఇక రెండో విషయం, మూసి ఉంచడం. ఓడ లోపల గోడలు ఉంటాయి, వాటిని బల్క్‌హెడ్లు అంటారు. ఒక గదిలో నీళ్ళు చేరినా పక్క గదికి పోకుండా ఆపడం వాటి పని. గోడ ఎంత బలంగా ఉన్నా దాని తలుపు తెరిచి ఉంటే అది గోడ కాదు. గోడ పైదాకా లేకపోయినా అంతే. 1912లో టైటానిక్‌కు గోడలు ఉన్నాయి, కానీ చాలినంత ఎత్తు లేవు. ముందు గదులు నిండి ముక్కు దిగేకొద్దీ నీళ్ళు ఒక గోడ మీది నుంచి పొర్లి తర్వాతి గదిలోకి పోయాయి. ఫ్రిజ్‌లో ఐస్ ట్రేని ఒక మూల నుంచి కుళాయి కింద పెడితే గడి తర్వాత గడి నిండుతుంది కదా, అలా.

1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగా రేవు నుంచి హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఓడ బయల్దేరింది. కార్లు ఎక్కే ముందు తలుపులు మూయలేదు. మూయాల్సిన మనిషి గదిలో నిద్రపోతున్నాడు. చూడాల్సిన అధికారి ఎవరో మూస్తారులే అనుకుని తన చోటుకి వెళ్ళిపోయాడు. తలుపు మూసి ఉందా లేదా అని చెప్పే దీపం కెప్టెన్ దగ్గర లేదు. వేగం పెరగ్గానే కార్ల డెక్ మీదికి నీళ్ళు వచ్చాయి. పరాత్‌లో షర్బత్ లెక్కే మళ్ళీ. క్షణాల్లో ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు. సమందర్ ఆ రోజు ప్రశాంతంగానే ఉంది.

యాట్లలో ఇలాంటి తలుపులు ఇంకా ఎక్కువ. వెనక భాగంలో నీటిమట్టానికి కొంచెం పైన పెద్ద తలుపు ఉంటుంది. దింపితే సముద్రం మీద అరుగులా పరుచుకుంటుంది. మెహమాన్లు అక్కడ కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంటారు. చిన్న బోట్లు దాచే గదికి పక్కన ఇంకో తలుపు. ఓడ కదిలే ముందు ఇవన్నీ మూసి, గొళ్ళేలు బిగించి, మూసినట్టు బ్రిడ్జికి చెప్పి, లాగ్‌బుక్‌లో రాయాలి.

మున్నా తన మనసులోని అసలు మాట ఇక్కడే బయట పెట్టాడు. ఒకసారి ఒక తీరం నుంచి పక్క తీరానికి వెళ్తున్నారు. మెహమాన్లు ఇంకా ఆ అరుగు మీదే ఉన్నారు. పైవాడు "పాంచ్ మినిట్ కీ బాత్ హై, రహ్‌నే దో" అన్నాడు. సముద్రం అద్దంలా ఉంది. ఏమీ కాలేదు. "అప్పుడు నేను డెక్ కుర్రాణ్ణి మామూ, నా మాటకి లెక్క లేదు. రేపు ఆఫీసర్ అయితే సంతకం నాది. మూయాలి అంటే సాహెబ్‌కి కోపం వస్తుంది. నా వీసా వాళ్ళ చేతిలో. ఇంటికి పంపేస్తే ఆపా చెల్లి షాదీ ఖర్చు, ఇంటి లోను ఎవరు చూస్తారు?" వాడి భయం సముద్రం గురించి కాదు. "మూయండి" అనే ఒక్క మాట గురించి. ఇమ్తెహాన్‌లో జీఎం లెక్క చేసినంత తేలిక కాదు అది.

నేను వాడికి ఫిజిక్స్ పక్కన పెట్టి బుఖారీ షరీఫ్‌లోని ఒక హదీస్ గుర్తు చేశాను. నోమాన్ బిన్ బషీర్ రజి. రివాయత్. మీలో చాలామంది విన్నదే, నా మాటల్లో చెబుతాను. కొందరు ఒక కిష్తీలో చోటు కోసం చీట్లు వేసుకున్నారు. కొందరికి పై అంతస్తు వచ్చింది, కొందరికి కింది అంతస్తు. కిందివాళ్ళకు నీళ్ళు కావాలంటే పైకెక్కి పైవాళ్ళ మధ్య నుంచి వెళ్ళాలి. ప్రతిసారీ వాళ్ళను ఇబ్బంది పెట్టడం ఎందుకు, మన వాటాలోనే ఒక కన్నం పెట్టుకుందాం అనుకున్నారు. పైవాళ్ళు వాళ్ళను వాళ్ళ ఇష్టానికి వదిలేస్తే అందరూ హలాక్ అవుతారు, చెయ్యి పట్టుకుని ఆపితే అందరూ బతుకుతారు.

మసీదులో ఈ హదీస్‌ను సమాజం గురించి, చెడును ఆపడం గురించి చెబుతారు. సరైన మాటే. కానీ ఓడల పుస్తకం పక్కన పెట్టుకుని చదివితే ఇంకొన్ని కనబడ్డాయి. కన్నం పెట్టేవాళ్ళ నియ్యత్ చెడ్డది కాదు. ఇతరులకు తక్లీఫ్ ఇవ్వకూడదనే వాళ్ళు అనుకున్నారు. ఐదు నిమిషాలు తలుపు తెరిచి ఉంచమన్న మనిషి నియ్యత్ కూడా మెహమాన్ల ఖుషీయే. నీళ్ళు నియ్యత్‌ను చూడవు, కన్నాన్ని చూస్తాయి. రెండోది, "ఇది నా వాటా" అనే హక్కు నేల మీద చెల్లుతుంది, నీళ్ళ మీద చెల్లదు. ఓడ యజమాని కోట్లు పెట్టి కొన్నాడు, తలుపు కూడా అతనిదే. కానీ ఆ తలుపు వెనక వంటవాడు ఉన్నాడు, ఇంజిన్ గదిలో మజ్దూర్ ఉన్నాడు, నిద్రపోతున్న పిల్లలు ఉన్నారు. మూడోది, ఆపడం దుష్మనీ కాదు. పట్టుకున్నది కన్నం పెట్టే చేతిని, బతికింది ఆ చెయ్యి కూడా.

మూయకుండా వదిలేయడం ఒక రకం అయితే, జిమ్మేదారీని వదిలి పారిపోవడం ఇంకో రకం. 1880లో జెద్దా అనే పేరుగల స్టీమరు సింగపూర్, పెనాంగ్‌ల నుంచి 953 మంది హాజీలతో జెద్దా రేవుకు బయల్దేరింది. తుఫానులో బాయిలర్లు వాటి పీఠాల నుంచి కదిలిపోయాయి, పైపులు పగిలాయి, నీళ్ళు లోపలికి వచ్చాయి. ఆగస్టు 8న కెప్టెన్, అతనితోపాటు కొందరు అధికారులు లైఫ్‌బోటు ఎక్కి వెళ్ళిపోయారు. ఇంకో ఓడ వాళ్ళను ఏడెన్ చేర్చింది. అక్కడ వాళ్ళు జెద్దా మునిగిపోయిందని చెప్పారు. హాజీలు మాత్రం ఓడలోనే ఉండి నీళ్ళు తోడుతూనే ఉన్నారు. ఆంటెనోర్ అనే ఓడ వాళ్ళను చూసి, జెద్దాను లాక్కుంటూ ఆగస్టు 11న ఏడెన్ తీసుకొచ్చింది. మునిగిందన్న ఓడ హాజీలతో సహా కళ్ళ ముందుకి వచ్చి నిలబడింది. కెప్టెన్ సర్టిఫికెట్‌ను మూడేళ్ళు ఆపేశారు. జోసెఫ్ కాన్రాడ్ తర్వాత రాసిన లార్డ్ జిమ్ నవలకి ఈ సంఘటనే ఆధారం. నవల ఆ పారిపోయిన అధికారి మనసు గురించి. నాకు మాత్రం బకెట్లు అందుకుంటూ నిలబడ్డ ఆ హాజీలే కళ్ళలో మెదులుతారు. వాళ్ళకి మెటాసెంటర్ తెలియదు. లోపలికొచ్చిన నీళ్ళను బయటికి పోయాలని తెలుసు. దువా చేస్తూ తోడారు, తోడుతూ దువా చేశారు.

మున్నా తఖ్‌దీర్ మాటకి జవాబు ఇందులోనే ఉంది. ఒంటెను ముందు కట్టు, తర్వాత తవక్కుల్ చెయ్యి అన్న హదీస్ మనకు కొత్త కాదు. హజ్రత్ నూహ్ అలైహిస్సలాంకి కూడా అల్లాహ్ వాగ్దానం ఒక్కటే ఇవ్వలేదు, కిష్తీ కట్టమని హుకుం ఇచ్చాడు. ఆయన జనం ఎగతాళి చేస్తుంటే పలకలూ మేకులూ కొట్టి కట్టారు. తూము శుభ్రం చేయకుండా, తలుపు మూయకుండా "తఖ్‌దీర్" అనడం తవక్కుల్ కాదు, బద్ధకానికి అరబీ పేరు పెట్టడం. వాడితో అదే అన్నాను. తల దించుకుని విన్నాడు.

ఆపా ఖౌఫ్‌కు కూడా జవాబు చెప్పాలి కదా. బేసియన్ మునిగిన మొదటి రోజుల్లో అందరూ సిబ్బందినే తిట్టారు, తలుపులు తెరిచి ఉంచారని టీవీల్లో తీర్పులు ఇచ్చేశారు. 2025 మేలో బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు సంస్థ మధ్యంతర నివేదిక ఇచ్చింది. ఓడ ఒరిగి అంచు మీదుగా నీళ్ళు వచ్చే ముందు లోపల నీళ్ళు చేరిన ఆనవాళ్ళు లేవంది. ఆ యాట్‌కు పైకెత్తగలిగే కీల్ ఉంది, అంటే అడుగున రెక్కలాంటి భాగం. అది ఎత్తి ఉండి, తెరచాపలు దించి ఉన్న ఆ రాత్రి స్థితిలో 70.6 డిగ్రీల కంటే ఎక్కువ ఒరిగితే ఓడ తిరిగి లేవదు. పక్క నుంచి 63.4 నాట్లు దాటిన గాలి తగిలితే చాలు, బోల్తా పడేలా ఉంది. ఆ రాత్రి గాలి 70 నాట్లు దాటింది. పదిహేను సెకన్లలోపే ఓడ పూర్తిగా పక్కకి పడింది. ఈ బలహీనత ఓడలో ఉంచిన స్టెబిలిటీ పుస్తకంలో లేదు. అందులో పనిచేసే వాళ్ళకి తెలిసే దారి లేదు.

ఆపా దీన్ని విని "తో ఉనోంకా ఖసూర్ నై?" అంది. మూయాల్సినవి మూసినా సరిపోని రోజు ఉంటుందని ఒప్పుకోవాలి. అందుకే రెండు విషయాలు కలిపి చదవాలి. మూసి ఉంచడం డెక్ కుర్రాడి చేతిలో ఉంది. ఓడకు ఎంత గాలి ఓర్పు ఉందో లెక్కకట్టి కాగితం మీద పెట్టడం కట్టినవాడి, పరీక్షించినవాడి చేతిలో ఉంది. ఆ కాగితాన్ని అడిగి చదవడం ఆఫీసర్ చేతిలో ఉంది. గొలుసులో ఒక కడియం మన కొడుకు. అతని కడియం గట్టిగా ఉండాలని అడగగలం, మిగతాది అల్లాహ్ మీద వదలగలం.

ఆ వారమే అందరం వేనాడు వెళ్ళి, దారిలో పులికాట్‌లో కిష్తీ ఎక్కడానికి ఒక రేవు దగ్గర ఆగాం. పిల్లలతో కలిపి పధ్నాలుగు మందిమి. అప్పటికే అందులో ఇంకో కుటుంబం కూర్చుని ఉంది. పడవవాడు "సర్దుకోండి, ఎక్కండి" అన్నాడు. లైఫ్ జాకెట్లు ఒక మూల కట్టగట్టి ఉన్నాయి. మున్నా నోరు తెరిచేలోపే ఆపా ముందుకొచ్చింది. "ఇందులో ఎంతమందికి పర్మిషన్ ఉంది నాయనా?" అని అడిగింది. పడవవాడు నవ్వి "పులికాట్‌లో నడుం లోతు కూడా లేదమ్మా" అన్నాడు. నిజమే, చాలాచోట్ల లోతు తక్కువే. ఆపా మాత్రం ఆ పసిపిల్లల వైపు చూపించి, "నీ నడుం లోతు వీళ్ళ తల మీద ఎంత లోతు?" అంది. సగం మందిమి ఒడ్డునే ఆగి రెండో విడతలో వెళ్ళాం. జాకెట్ల కట్ట విప్పించి, చిన్న పిల్లలకు తనే తాళ్ళు బిగించింది. కొంగలు కనబడగానే పిల్లలందరూ ఒక పక్కకి లేస్తుంటే "బైఠో! దోనో బాజూ బైఠో!" అని కేకేసింది. మున్నా నా వైపు చూసి "మామూ, అమ్మీని బ్రిడ్జి మీద నిలబెట్టాలి" అన్నాడు.

తిరుగు దారిలో ఆపా కొడుకుని ఒకటే అడిగింది: "సాహెబ్ తలుపు తెరిచే ఉంచమంటే ఏం చేస్తావు?" వాడు వెంటనే జవాబు చెప్పలేదు, అది నాకు నచ్చింది. కాసేపటికి "ముందు ఓడ వేగం తగ్గించమని అడుగుతా అమ్మీ. మెహమాన్లను అదబ్‌తో లోపలికి పిలుస్తా. తలుపు మూస్తా. తర్వాత కోపగించుకుంటే వింటా" అన్నాడు. "నౌకరీ పోతే?" అంది. "ఇంకోటి చూసుకుందాం" అన్నాడు. ఆపా "హౌ" అంది. లోను కట్టడం కష్టమవుతుందని ఆమెకీ తెలుసు, వాడికీ తెలుసు. ఆ ఒక్క హౌతోనే వాడికి ఇజాజత్ దొరికింది.

ఇప్పుడు మీతో ఒక మాట. మన ఇళ్ళల్లో ఎవరూ యాట్ ఆఫీసర్లు కాకపోవచ్చు. కానీ ఈద్ తర్వాత ఆదివారాలు వస్తాయి, పిల్లల సెలవులు వస్తాయి. 2023 మే 7న కేరళలోని తానూరులో అలాంటి ఆదివారం సాయంత్రమే బోటు బోల్తా పడింది. 22 మంది పోయారు, ఒకే ఖాందాన్ నుంచి పది మందికి పైగా. పరిమితికి మించి ఎక్కించారు, చీకటి పడుతున్నా బయల్దేరారు. 2017 నవంబర్ 12న మన కృష్ణా నదిలో ఫెర్రీ ఘాట్ దగ్గరా అలాంటి ఒక సాయంత్రమే. ఈ బోట్లేవీ నడి సముద్రంలో మునగలేదు, ఒడ్డు కనబడే నీళ్ళలోనే మునిగాయి.

కాబట్టి కిష్తీ ఎక్కే ముందు ఎంతమందికి అనుమతి ఉందో అడగండి, ఎక్కినవాళ్ళను మీరే లెక్కపెట్టండి. జాకెట్ తొడిగి తాళ్ళు బిగించండి, ఒళ్ళో పెట్టుకుంటే అది జాకెట్ కాదు. పై డెక్‌కి గుంపుగా ఎక్కకండి, ఫోటో కోసం అందరూ ఒక పక్కకి పోకండి. అడుగున నీళ్ళు కనబడుతుంటే దిగిపోండి. మగ్రిబ్ దగ్గర పడితే, నదికి వరద ఉంటే, ఇచ్చిన డబ్బు పోయినా సరే వెనక్కి రండి. తెలిసినవాళ్ళు "ఏం కాదులే" అంటే, ఆ మాటకి మొహమాట పడకండి. సఫర్ దువా తప్పకుండా చదవండి, కానీ జాకెట్ తొడుక్కుని చదవండి.

మున్నా వెళ్ళి నెలలైంది. రాత్రి డ్యూటీ అయ్యాక అప్పుడప్పుడు ఆపాకు వాట్సాప్‌లో రెండే మాటలు వస్తాయి: "దర్వాజే బంద్." ఆమె "అల్హమ్దులిల్లాహ్" అని పెట్టి పడుకుంటుంది. సముద్రం మీద, గల్ఫ్ రేవుల్లో, చేపల పడవల్లో ఉన్న మన పిల్లలందరినీ అల్లాహ్ తన హిఫాజత్‌లో ఉంచాలి. ఆమీన్.